కాన్పుకి ముందే పాల సంగతి చూసుకోండి

గుంటూరు ఎండల్లో డెలివరీ డేటున్న అమ్మాయిలూ, ఈసారి చెకప్‌కి వెళ్ళినప్పుడు స్కాన్ చూపించుకుని వచ్చేయకుండా పాలివ్వడం గురించి కూడా అడగండి. చనుమొనలు లోపలికి ఉంటే సిగ్గుపడకుండా చూపించండి, ఇంట్లో లాగడాలు వద్దు.

పుట్టిన గంటలోపే బిడ్డకి పాలు పట్టించాలి, సిజేరియనైనా చాలామందికి కుదురుతుంది, ముందే చెప్పి పెట్టుకోండి.

ముర్రుపాలు పసుపుగా, జిగటగా, కాసిన్నే వస్తాయి, మొదటి రోజుల్లో అవే సరిపోతాయి, పిండి పారబోయొద్దు. తేనె నాకించడం అస్సలొద్దు, ఏడాది లోపు పిల్లలకి ప్రమాదం, ఈ మాట అత్తయ్యగారికీ అమ్మమ్మకీ ఇప్పుడే నచ్చజెప్పండి, కాన్పయ్యాక చుట్టాల మధ్య వాదించే ఓపిక ఉండదు.

మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా బిడ్డ నోట్లోకి వెళ్ళాలి, గడ్డం రొమ్ముకి ఆనాలి, లేకపోతే పుళ్ళు పడతాయి, నర్సమ్మతో బొమ్మ మీద చూపించమనండి.

రోహిణీకార్తెలో పుట్టినా సరే 6 నెలలదాకా మంచినీళ్ళు కూడా పట్టొద్దు, పాలల్లోనే నీళ్ళుంటాయి.