లోహ ఆక్సైడ్ యానోడ్లు – 3వ పాఠం: మొదటి సైకిల్‌ను చదవడం

గత పాఠంలో హైడ్రోథర్మల్ పద్ధతిలో తయారు చేసుకున్న హెమటైట్ (ఇనుప ఆక్సైడ్, Fe2O3) పొడిని ఈసారి లిథియం అయాన్ బ్యాటరీ యానోడ్‌గా రాగి రేకు మీద పూసి, కాయిన్ సెల్‌లో బిగించి, మొదటి డిశ్చార్జి, ఛార్జి వక్రాలు ఏం చెబుతున్నాయో చూద్దాం.

ముందుగా సైద్ధాంతిక సామర్థ్యం, అంటే గ్రాము పొడి గరిష్ఠంగా నిల్వ చేయగల ఆవేశం. హెమటైట్ ఫార్ములాలోని రెండు ఇనుప పరమాణువులు లోహంగా మారడానికి, మూడు ఆక్సిజన్లు లిథియం ఆక్సైడ్‌గా మారడానికి మొత్తం ఆరు లిథియం అయాన్లు కావాలి. ఒక మోల్ ఎలక్ట్రాన్ల ఆవేశమైన 26,801 మిల్లీ ఆంపియర్ గంటలను ఆరుతో గుణించి, మోలార్ ద్రవ్యరాశి 159.69తో భాగిస్తే గ్రాముకు 1007 మిల్లీ ఆంపియర్ గంటలు వస్తుంది. గ్రాఫైట్‌కు వచ్చేది 372 మాత్రమే. నానో పరిమాణపు లోహ ఆక్సైడ్లు ఇలా పనిచేస్తాయని ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త టారస్కాన్ బృందం 2000లో చూపినప్పటి నుంచి పరిశోధకులను ఆకర్షిస్తున్నది ఈ తేడాయే.

పొడి 80, విద్యుత్తును మోసే కార్బన్ బ్లాక్ 10, అతికించే పాలిమర్ పీవీడీఎఫ్ 10 పాళ్లలో ఎన్ఎంపీ అనే ద్రావణితో కలిపి నూరాలి. ఎన్ఎంపీ తేమను పీల్చుకుంటే పీవీడీఎఫ్ విడిపోయి మిశ్రమం గడ్డకడుతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్‌లో చక్కగా పూత పడిన మిశ్రమం జూలై వానల్లో మొరాయిస్తే ముందు అనుమానించవలసింది తేమనే. పూతను 120 డిగ్రీల వద్ద వాక్యూమ్ ఓవెన్‌లో ఆరబెట్టాలి.

తూకం దగ్గర తొందర పనికిరాదు. 12 మి.మీ. బిళ్ల 12.4 మి.గ్రా. తూగిందనీ, అదే కొలత ఖాళీ రాగి బిళ్ల 10.1 మి.గ్రా. ఉందనీ అనుకుందాం. పూత 2.3, అందులో హెమటైట్ 1.84 మి.గ్రా. రాగి తూకంలో 0.1 మి.గ్రా. తేడా వచ్చినా ఫలితం నాలుగు శాతానికి పైగా తప్పుతుంది. అందుకే ఖాళీ బిళ్లలను అనేకం తూచి సగటు తీసుకోవాలి. పది గంటల డిశ్చార్జికి కావలసిన కరెంటు 0.185 మిల్లీ ఆంపియర్లు.

ఇక అసలు విషయానికి వద్దాం. లిథియం రేకుకు ఎదురుగా బిగించిన ఈ సెల్ మొదటి డిశ్చార్జిలో 1300, తర్వాతి ఛార్జిలో 910 ఇచ్చిందనుకుందాం. 1007కు మించిన భాగం ఎక్కువగా ఎలక్ట్రోలైట్ విచ్ఛిన్నమై కణాల మీద పొర కట్టడానికి ఖర్చయినదే గాని, అదనపు నిల్వ కాదు. 910ని 1300తో భాగిస్తే 70 శాతం. ఇక్కడ లిథియం రేకు సమృద్ధిగా ఉంది కాబట్టి మిగతా 30 శాతం నష్టం తర్వాతి సైకిళ్లలో మనకు కనపడదు. అసలు బ్యాటరీలో లిథియం కాథోడ్ నుంచే రావాలి కనుక ఆ నష్టం తిరిగి పూడదు. నా దృష్టిలో 1300 అన్న అంకె కన్నా ఈ 70 అన్న అంకెను పెంచడమే నిజమైన మెరుగుదల. కణాన్ని మరీ చిన్నది చేస్తే లిథియం చేరినప్పుడు వచ్చే ఉబ్బును తట్టుకుంటుంది, కానీ ఉపరితలం పెరిగి పొర నష్టం కూడా పెరుగుతుంది.

కార్బన్ పూత ఇందుకు ఒక మార్గం. గ్లూకోజ్ ద్రావణంలో పొడిని తడిపి, ఆర్గాన్‌లో వేడి చేస్తే పూత ఏర్పడుతుంది. అయితే వేడి కార్బన్ హెమటైట్ నుంచి ఆక్సిజన్‌ను లాగి మరో ఇనుప ఆక్సైడ్ అయిన మాగ్నటైట్‌గా మార్చగలదు. పూత వల్ల పొడి ఎలాగూ నల్లబడుతుంది కాబట్టి రంగును నమ్మకుండా స్ఫటిక నిర్మాణాన్ని చూపే ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రే వివర్తనం) తీయించాలి. మాగ్నటైట్ అని తేలితే 1007 బదులు 926 తీసుకుని, పూతలోని కార్బన్ బరువును తీసివేసి, కరెంటు లెక్కను మళ్లీ వేసుకున్నాకే సెల్ బిగించాలి.