మూడే పరమాణువులుంటే అర్ధ జీవితకాలం ఎలా కట్టాలి

ఎంవీపీ కాలనీలో మా ఇంటికి ట్యూషన్‌కి వచ్చే డిగ్రీ పిల్లలు ఏటా అడుగుతారు: "మేడం, దొరికినవే మూడు పరమాణువులైతే, అందులో సగం ఎప్పుడు పోయాయని చెప్తాం?" 113వ మూలకం నిహోనియం సంగతి అది. జపాన్‌లో రైకెన్ అనే పరిశోధన సంస్థ వాళ్లు బిస్మత్ మీద జింక్ అయాన్లతో కొట్టి కొట్టి 2004లో ఒకటి, 2005లో ఒకటి, 2012లో ఒకటి పట్టారు.

నేను లూడో పాచిక తీస్తాను. ఒక్కో పందెం ఒక మిల్లీసెకను. ఆరు పడితే పరమాణువు పోయినట్టు. ఎన్నో పందేనికి పడిందో రాయండి, మూడుసార్లు. ఆ మూడింటి సగటుని 0.693తో గుణించండి, అదే సగం పోయే సమయం, అంటే అర్ధ జీవితకాలం. నిజానికి 4కి అటూ ఇటూ రావాలి. మొన్న నాకు 2, 1, 4 పడ్డాయి, లెక్క 1.6 తేలింది. మా అమ్మాయికి 9, 14, 5 పడి దాదాపు 6.5 వచ్చింది. ఇద్దరం సరిగ్గానే ఆడాం! అందుకే ఇలాంటి అంకె పక్కన పైకి ఇంత, కిందికి ఇంత అని తప్పకుండా రాయాలి. రాయకపోతే మార్కు కోస్తాను.

అది 113వ మూలకమేనని నమ్మడానికి పెన్సిల్ చాలు. 113, 278 అని వేయండి: మొదటిది ప్రోటాన్ల లెక్క, రెండోది ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపిన లెక్క. ఆల్ఫా, అంటే రెండు ప్రోటాన్లూ రెండు న్యూట్రాన్లూ ఉన్న ముక్క, పోయిన ప్రతిసారీ ముందుదాంట్లో 2, తర్వాతదాంట్లో 4 తీసేయండి. నాలుగు ఆల్ఫాలకి 105, 262 వస్తుంది. అది డబ్నియం, ముందునుంచీ తెలిసినదే. విజయవాడ నుంచి వస్తూ రైల్లో మెలకువ వచ్చి అనకాపల్లి బోర్డు చూస్తే, తుని దాటేశామని వేరే ఎవరూ చెప్పక్కర్లేదు కదా. మొదటి రెండుసార్లూ డబ్నియం విచ్ఛిత్తితో చీలిపోయింది, ముందే తెలిసిన డబ్నియం ఆల్ఫాతో పోల్చుకోవడానికి ఆల్ఫా లేదు. 2012లో అది ఆల్ఫా వదిలింది. ఆ తర్వాత ఇంకోటి వదిలి మెండెలీవియం 254 దాకా వచ్చింది. అందుకే ఆ మూడోదానికి అంత విలువ.

స్థిరత్వం చూడాలంటే న్యూట్రాన్లు లెక్కపెట్టండి. 278లోంచి 113 తీస్తే 165. ఇది బతికేది ఒకటి రెండు మిల్లీసెకన్లు. న్యూట్రాన్లు 184కి దగ్గరయ్యే కొద్దీ ఆయుష్షు పెరగాలని సిద్ధాంతం. ఇంటికెళ్లి 117, 294 నుంచి రెండు ఆల్ఫాలు తీసి చూడండి, మళ్లీ 113 దగ్గరికే వస్తారు. కానీ ఈసారి న్యూట్రాన్లు 173, ఆయుష్షు సుమారు 10 సెకన్లు.