పాత సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లు: సేకరణకు, వెంట ఉంచుకోవడానికి ఎంచుకోవడం

పాత సెమీ ఆటోమేటిక్ పిస్టల్ (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేల్చి, తరువాతిదాన్ని తానే ఎక్కించుకునేది) కొనాలనుకునేవారు ధర అడగడానికి ముందే దాన్ని సేకరణ కోసం తీసుకుంటున్నారా, ఆత్మరక్షణకు వెంట ఉంచుకోవడానికి తీసుకుంటున్నారా అన్నది తేల్చుకోవాలి. ఒకే పిస్టల్ రెండింటికీ సరిపోవడం అరుదు. సేకరణలో విలువ తెచ్చేది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపం చెక్కుచెదరకుండా ఉండటం. వెంట ఉంచుకునే పిస్టల్‌కు మాత్రం కొత్త స్ప్రింగులు, స్పష్టంగా కనిపించే సైట్లు (గురి చూసే గుర్తులు), నేటి తూటాలను తడబడకుండా అందుకునే ఛాంబర్ (పేలే తూటా కూర్చునే గది) కావాలి. ఇంట్లో ఉంచుకోవడానికీ వెంట తీసుకెళ్లడానికీ చట్టం వేర్వేరు అనుమతులు కోరవచ్చు కాబట్టి, మీరు ఉండే చోటి నిబంధనలను ముందే చూసుకోవాలి.

పిస్టల్ చేతికి అందగానే దానిలో తూటా ఉందనే భావించాలి. ముందుగా మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసి, ఆ తరువాతే స్లైడ్ (పైన ముందువెనకలకు జారే భాగం) వెనక్కి లాగి, ఛాంబర్‌ను కంటితో చూసి వేలితోనూ తడిమి నిర్ధారించుకోవాలి. ఈ క్రమం తారుమారైతే, ఒక తూటా బయటపడినా మ్యాగజైన్‌లోని మరొకటి ఛాంబర్‌లోకి చేరుతుంది. 1896 నాటి మౌజర్ సి96లో సాధారణంగా మ్యాగజైన్ ట్రిగ్గర్‌కు ముందు స్థిరంగా ఉంటుంది, విడిగా ఊడిరాదు. అందువల్ల బోల్టు (ఛాంబర్‌ను వెనుకనుంచి మూసే కదిలే భాగం) వెనక్కి లాగి లోపల పైనుంచి కింది వరకూ చూడాలి.

సేకరణకు తీసుకునేటప్పుడు ఎక్కువ సమయం ఉపరితలం మీద, నంబర్ల మీద వెచ్చించాలి. జర్మన్ సైన్యం 1908లో స్వీకరించిన లూగర్ పి08 ఇందుకు మంచి పాఠం. మోకాలిలా పైకి మడుచుకునే దాని టాగిల్ యంత్రాంగం ఎన్నిసార్లు చూసినా ముచ్చటగా ఉంటుంది. అయితే విలువను నిర్ణయించేది ఆ అందం ఒక్కటే కాదు. సైనిక లూగర్లలో అనేక చిన్న భాగాల మీద సీరియల్ నంబరు చివరి రెండు అంకెలు ముద్రించి ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా సరిచూడాలి, ఒక్క భాగం మారినా ధర గణనీయంగా తగ్గుతుంది. అమెరికన్ సైనిక పిస్టల్ కోల్ట్ 1911 విషయంలో ఇంత కఠినంగా ఉండనక్కరలేదు, ఎందుకంటే సైనిక మరమ్మతుశాలలు స్లైడ్లనూ ఫ్రేములనూ కలగలిపి బిగించిన సందర్భాలు చాలా ఉన్నాయి. అటువంటిదాన్ని మోసం అనలేము, కానీ మార్పులేని తొలి ప్రతి ధర దానికి ఇవ్వకూడదు.

ఇక బ్లూయింగ్, అంటే ఉక్కుపై ఉండే నీలి నల్లని రక్షణ పూత సంగతి. అక్షరాల అంచులు మసకబారినా, స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం పల్లంగా అరిగినా, తుప్పు గుంటల లోపల కూడా నల్లని మెరుపు ఉన్నా, ఎవరో సానపట్టి కొత్త పూత వేశారని అర్థం. నా అభిప్రాయంలో, అరిగిన నిజమైన పూత ఉన్న పిస్టల్ కొత్తగా మెరిసే పిస్టల్ కన్నా ఎప్పుడూ మేలు. బ్యారెల్‌ను పిస్టల్ నుంచి విడదీసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. పాత సైనిక తూటాల ప్రైమర్లు లవణాలను మిగిల్చేవి కాబట్టి లోపల గుంటలు పడి ఉండటం మామూలే.

వెంట ఉంచుకోవడానికైతే లెక్క మారుతుంది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1911 పిస్టల్‌లో సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) వేసి హ్యామర్ (వెనుకనుండే సుత్తి) ఎత్తి ఉంచడం అభ్యాసమున్నవారికి తగినదే. అయితే ఫైరింగ్ పిన్‌ను (తూటాను వెనుకనుంచి కొట్టి పేల్చే సూదిని) అడ్డుకునే కోల్ట్ సిరీస్ 80 ఏర్పాటు 1983లో గానీ రాలేదు, అందువల్ల పాతది మూతి కిందుగా గట్టి నేలపై పడితే పేలే అవకాశం ఉంది. తొలినాటి స్లైడ్లు తరువాతి వాటిలా గట్టిపరిచినవి కావు, కనుక పగుళ్లు వెతకాలి. బ్రౌనింగ్ 1926లో మరణించాక బెల్జియన్ రూపకర్త ద్యూదొనే సైవ్ పూర్తిచేసిన 1935 నాటి హై పవర్ పిస్టల్ 13 తూటాలు పట్టేది, చేతిలో చక్కగా ఇముడుతుంది. మ్యాగజైన్ తీస్తే పేలకుండా ఆపే భాగం వల్ల ట్రిగ్గర్ కాస్త బరువుగా అనిపిస్తుంది. పాతతనం, వాడుక రెండూ కావాలంటే నేను సూచించేది 1975లో వచ్చిన చెక్ పిస్టల్ సీజెడ్ 75 వంశం, అందులోనూ ఫైరింగ్ పిన్ అడ్డు ఉన్న 75 బి రకం. అది ఉక్కుతో చేసినది, బరువైనది. ఆ బరువే గురిని నిలకడగా ఉంచుతుంది.

ఎంచుకున్నదానిలో రికాయిల్ స్ప్రింగును (స్లైడ్‌ను తిరిగి ముందుకు తెచ్చేదాన్ని), మ్యాగజైన్ స్ప్రింగులను మార్చి, తీసిన పాత స్ప్రింగులను పారేయకుండా పేరు రాసిన సంచిలో దాచాలి. మీరు వెంట ఉంచుకోబోయే తూటాలతోనే, ప్రతి మ్యాగజైన్‌తోనూ కనీసం 200 సార్లు ఆటంకం లేకుండా పేల్చి చూశాకే దాన్ని నమ్మాలి. పాత 1911లు గుండ్రని కొన ఉన్న, పూర్తి లోహపు తొడుగు గల గుండ్ల కోసం తయారైనవి, కాబట్టి వెడల్పు మూతి ఉన్న హాలో పాయింట్ (కొనలో గుంట ఉన్న) తూటాలు చిక్కుకోవచ్చు; అందుకని ఛాంబర్‌లోకి దారితీసే వాలును అరగదీయించడం కన్నా తూటానే మార్చడం మంచిది.

సేకరణలోని పిస్టల్‌ను తోలు హోల్‌స్టర్‌లో ఎప్పుడూ దాచకూడదు, ఎందుకంటే తోలు తేమను పట్టి ఉంచి బ్లూయింగ్‌ను తినేస్తుంది. లోహానికి పలుచని నూనె పూసి, పిడి మీది చెక్క పలకలకు నూనె తగలకుండా చూసి, తూటాల నుంచి వేరుగా తాళం వేసిన పెట్టెలో ఉంచాలి. స్క్రూలు విప్పవలసి వస్తే గాడిలో బిగువుగా పట్టే స్క్రూడ్రైవర్‌నే వాడాలి, ఎందుకంటే చెదిరిన గాడి కొనుగోలుదారు కంట్లో మొదట పడుతుంది.