గాలి లీకేజీ పరీక్ష నేర్చుకుందాం – నాలుగో పాఠం: తలుపులో ఫ్యాను

మూసి ఉన్న ఇంట్లోకి కన్నాలు, సందుల్లోంచి ఎంత గాలి దూరుతోందో కొలవడమే ఈ పరీక్ష. పోయిన పాఠం చివర్లో మెడికల్ షాపుకి వెళ్ళి రెండు సెలైన్ సెట్లు కొని పెట్టుకోమన్నాను. ఎందుకో చెప్పలేదు. ఇవాళ పాఠం వాటితోనే మొదలు.

గాలి ఒత్తిడి కొలిచే మీటరుని మానోమీటర్ అంటారని రెండో పాఠంలో చూశాం. అసలు మీటరు ఖరీదైనది. నేర్చుకునేవాళ్ళు దాన్ని కొననక్కర్లేదు, ఇంట్లో ఒకటి చేసుకోవచ్చు. సూది, చుక్కలు పడే గొట్టం కత్తిరించేసి రెండు ట్యూబుల్నీ కలిపి ఒకటిగా చేయండి. ఒక వెడల్పాటి గాజు గ్లాసులో నీళ్ళు పోసి, చిటికెడు కేసరి రంగు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేయండి. లిక్విడ్ వేయకపోతే నీళ్ళు ట్యూబు గోడకి అతుక్కుని బద్ధకంగా కదులుతాయి. ట్యూబు ఒక కొస గ్లాసు అడుగున ముంచి, రెండో కొస నుంచి మెల్లగా నీళ్ళు పీల్చండి, బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు. అర మీటరు చెక్క ముక్కని ఒక వైపు 5 సెంటీమీటర్లు లేచేలా పెట్టి, ట్యూబుని దాని మీద టేపుతో అతికించండి. గ్లాసులోని నీటిమట్టం చెక్క మధ్యకి సమానంగా రావాలి. ఖాళీ కొసని కిటికీ సందులోంచి బయటికి వదిలి, సందుని టేపుతో మూయండి. నీళ్ళు ఆగిన చోట పెన్నుతో సున్నా గుర్తు పెట్టుకోండి.

మేస్త్రి వాడే లెవెల్ ట్యూబు చాలదా అని చాలామంది అడుగుతారు. నేనూ మొదట దాంతోనే చేశాను. ఆ ట్యూబు లావు. వాలుగా పెడితే లోపల నీళ్ళు నాలుకలా సాగి పడుకుంటాయి, ఎక్కడ గుర్తు పెట్టాలో తెలీదు. సెలైన్ ట్యూబు సన్నం కాబట్టి నీటి అంచు తెగినట్టు కనపడుతుంది.

ఒత్తిడిని పాస్కల్‌లలో కొలుస్తారు. ఒక మిల్లీమీటరు నీటి ఎత్తు అంటే 9.8 పాస్కల్. మన చెక్క పదికి ఒకటి వాలు కాబట్టి ఎత్తులో ఒక మిల్లీమీటరు తేడా ట్యూబు పొడవున పది మిల్లీమీటర్లయి కనిపిస్తుంది. అంటే ట్యూబు మీద ఒక మిల్లీమీటరు దాదాపు ఒక పాస్కల్. స్కేలు పెట్టి చూసుకోవడమే.

ఇప్పుడు తలుపులు, కిటికీలు అన్నీ వేసి వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను ఆన్ చేయండి. స్టవ్ ఆపేసి ఉండాలి. గ్యాస్ గీజరు ఉంటే అది తప్పనిసరిగా ఆపేయాలి, ఎందుకంటే ఇంట్లో ఒత్తిడి తగ్గితే దాని పొగ, అందులోని కార్బన్ మోనాక్సైడ్ సహా, వెనక్కి ఇంట్లోకే వస్తుంది. ఫ్యాను తిరిగిన కాసేపటికి రంగు నీళ్ళు గ్లాసు వైపు వెనక్కి జరుగుతాయి. మూడు మిల్లీమీటర్లా, ఎనిమిదా? రాసుకోండి. తర్వాత ఒక కిటికీ వేలెడు సందు తీసి చూడండి. నీళ్ళు సున్నా దగ్గరికి పరిగెడతాయి. ఈ ఒక్క కదలిక కళ్ళారా చూస్తే మిగతా పాఠమంతా సగం వచ్చేసినట్టే.

అసలు పరీక్షలో ఎగ్జాస్ట్ ఫ్యాను సరిపోదు. సర్దుబాటు చేసుకునే అల్యూమినియం ఫ్రేము, దానికి నైలాన్ గుడ్డ, గుడ్డ మధ్యలో ఎంత గాలి లాగుతోందో మీటరులో తెలిసేలా తయారుచేసిన పెద్ద ఫ్యాను. దీన్ని మెయిన్ డోర్‌లో బిగించి ఇంట్లోంచి గాలిని బయటికి లాగుతాం. బ్లోయర్ డోర్ అంటే ఇదే. 1970ల్లో స్వీడన్‌లో ఫ్యానుని కిటికీలో పెట్టి చేశారు, ఆ దశాబ్దం చివరికి అమెరికాలో ప్రిన్స్‌టన్ పరిశోధకుల చేతికొచ్చి తలుపులోకి మారింది. ఆ దేశాల్లో చలి బాధ. చెన్నైలో మన బాధ వేరు, దాని సంగతి చివర్లో చెప్తాను.

లోపలికీ బయటికీ మధ్య 50 పాస్కల్ తేడా తెచ్చి, ఆ తేడా నిలవడానికి ఫ్యాను గంటకు ఎన్ని క్యూబిక్ మీటర్ల గాలి లాగాల్సి వస్తోందో చూస్తాం. ఇంట్లోంచి ఎంత గాలి బయటికి పోతోందో, కన్నాల్లోంచి అంతే గాలి లోపలికి దూరుతున్నట్టు లెక్క. 50 పాస్కల్ అంటే నీటిలో 5 మిల్లీమీటర్లే. అయినా గంటకు 32 కిలోమీటర్ల గాలి ఇంటిని అన్ని వైపులా ఒకేసారి కొట్టినంత ఒత్తిడి.

ఇక ఇంటికి వెళ్దాం. చెన్నైలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) పక్కన, పెరుంబాక్కం వైపు, పద్నాలుగో అంతస్తులో రెండు పడగ్గదుల కొత్త ఫ్లాటు. ఓనరుగారిది నెల్లూరు, రిటైరయ్యారు. తాళాలు చేతికొచ్చాయి, గృహప్రవేశం ఇంకా కాలేదు. పరీక్షకి ఇదే సరైన సమయం. కబోర్డులు వచ్చాక లీకు కనపడదు, కనపడినా చెయ్యి దూరదు.

వేళ ముఖ్యం. పొద్దున ఏడున్నరకల్లా మొదలుపెట్టాం. చెన్నైలో మధ్యాహ్నం అవుతుండగా సముద్రపు గాలి మొదలవుతుంది, పద్నాలుగో అంతస్తులో అది మీటరుని స్థిరంగా ఉండనివ్వదు. ఆడి నెల (తమిళ నెల, జూలై–ఆగస్టు) గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందని ఇక్కడి సామెత. ఆ రోజుల్లో పరీక్ష పెట్టుకోకండి. గాలి సంగతి మీటరే చెప్తుంది: ఫ్యాను ఆపి, దాని నోరు మూసి, కనీసం 30 సెకన్లు ఒత్తిడి చూడాలి. ఫ్యాను లేకుండానే 5 పాస్కల్ దాటితే ఈ పరీక్షకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9972 ప్రకారం ఆ పరీక్ష చెల్లదు. ఇంటికి రండి, ఇంకో రోజు చూద్దాం. ఆ రోజు మాకు ఒకటిన్నర పాస్కల్ దగ్గర ఆగింది.

తయారీకే ఎక్కువ సేపు పడుతుంది, పరీక్ష అరగంటే. లోపలి తలుపులన్నీ తీసి వాటికి ఏదైనా అడ్డం పెట్టాలి, లేకపోతే ఢామ్మని పడతాయి. ఏసీలు, సీలింగ్ ఫ్యాన్లు ఆఫ్. ఎగ్జాస్ట్ రంధ్రాలు, చిమ్నీ గొట్టం నోరు టేపుతో మూశాం. ఇక్కడ జాగ్రత్త: కావాలని పెట్టిన రంధ్రాలన్నీ మూసి చేస్తే అది ఆ ప్రమాణంలో రెండో పద్ధతి. ఏ పద్ధతో రిపోర్టులో రాయకపోతే మీ నంబరుకి అర్థం లేదు. వీధి తలుపు కారిడార్‌లోకి తెరుచుకుంటుంది కాబట్టి కారిడార్ కిటికీలు, మెట్ల తలుపు బార్లా తీయించాం. అక్కడి గాలీ బయటి గాలీ ఒకటే కావాలి. మీటరు ట్యూబు కొసని బాల్కనీ వైపు వదిలాం.

తర్వాత నహానీ ట్రాపులు, అంటే నేల మీది జాలీ కింద నీళ్ళు నిలిచి డ్రైనేజీ గాలిని ఆపే వంపులు. బాత్రూముల్లో, వాష్ ఏరియాలో, బాల్కనీలో ప్రతి ట్రాపులోనూ మగ్గు నీళ్ళు పోయాలి. ఎవరూ ఉండని కొత్త ఫ్లాటులో ట్రాపులు ఎండిపోయి ఉంటాయి. మొదట్లో ఒక చోట నేను బాల్కనీ పక్కన ఉన్నదాన్ని మర్చిపోయాను. ఫ్యాను వేగం అందుకున్న రెండు నిమిషాలకి డ్రైనేజీ పైపులోని కంపంతా హాల్లోకొచ్చింది, వెనకే రెండు బొద్దింకలు. ఆ ఇంటి ఓనరు ముక్కు మూసుకుని నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. నంబరు కూడా తప్పొచ్చింది, మళ్ళీ మొదటి నుంచి చేశాం.

ఈ ఫ్లాటులో ఆ పొరపాటు జరగలేదు, ఇంకొకటి జరిగింది. అమ్మగారు వంటింటి గట్టు మీద వెంకటేశ్వరస్వామి పటం పెట్టి దీపం వెలిగించుకున్నారు. "అమ్మా, ఒక్క గంట దీపం ఆర్పేయాలండీ" అన్నాను. ఆవిడ నొచ్చుకున్నారు. "ఆర్పడమేంటి బాబూ, కొండెక్కించాలి అను" అని, పువ్వుతో వత్తి వెనక్కి లాగారు. ఈ పనిలో టేపు వేయడంతో పాటు మాట కూడా చూసుకోవాలి.

ఇంటి ఘనపరిమాణం ముందే కొలిచి ఉంచాం: నేల 79 చదరపు మీటర్లు, ఎత్తు 2.85, మొత్తం సుమారు 225 క్యూబిక్ మీటర్లు. ఫ్యాను మొదలుపెట్టి 50 పాస్కల్ దగ్గర నిలబెడితే మీటరు గంటకు 2,700 క్యూబిక్ మీటర్లు చూపించింది. 2,700ని 225తో భాగిస్తే 12. ఆ ఒత్తిడి దగ్గర ఇంట్లోని గాలి మొత్తం గంటకు పన్నెండు సార్లు మారిపోతోందన్నమాట. చాలా తక్కువ ఇంధనంతో నడిచే ఇళ్ళ కోసం జర్మనీలో పుట్టిన పాసివ్ హౌస్ ప్రమాణం 0.6 అడుగుతుంది. దాన్ని ఇక్కడ పెట్టుకుని బాధపడక్కర్లేదు, కానీ 12 మాత్రం ఎక్కువే.

"స్లైడింగ్ కిటికీలేనన్నా" అన్నాడు మా హెల్పరు. అందరూ అనే మాటే. నేనూ అదే అనుకున్నాను. కిటికీలు లీకవుతాయి, నిజమే, పట్టాల మధ్య బ్రష్‌లు ఎంత బాగున్నా కొంత గాలి దూరుతుంది. కానీ అనుకోవడం వేరు, వెతకడం వేరు. 30 పాస్కల్ దగ్గర ఫ్యానుని నడవనిచ్చి ఊదుబత్తి వెలిగించి ఇల్లంతా తిరిగాం. లీకు ఉన్న చోట పొగ ఇంట్లోకి వంగి పరిగెడుతుంది. కిటికీ పట్టాల దగ్గర పొగ కాస్త వణికింది. ఏసీ రాగి పైపు దూరిన కన్నం దగ్గర బాగా వంగింది. మెయిన్ స్విచ్ బోర్డు మూత తీస్తే ఆ గొట్టాల్లోంచి చల్లగా ఊదుతోంది, చేత్తోనే తెలుస్తోంది. బాత్రూములో గ్రిడ్ సీలింగ్ పలక ఒకటి అంగుళం పైకెత్తాను. ఊదుబత్తి నిప్పు ఒక్కసారి ఎర్రగా మండింది, పొగ నా మొహానికి కొట్టింది.

టార్చ్ వేసి చూస్తే షాఫ్టు (అన్ని అంతస్తుల పైపులూ దిగే నిలువు సందు) గోడలో పైపుల కోసం కొట్టిన పెద్ద కన్నం. ప్లంబరు పైపులు దూర్చి వెళ్ళిపోయాడు, మేస్త్రి వచ్చేలోగా సీలింగ్ వాళ్ళు మూసేశారు. రెండు బాత్రూముల్లోనూ అదే. ఎవరి తప్పని అడిగితే ముగ్గురూ ముగ్గురి వైపు చూపిస్తారు. ఆ రోజుకి కన్నాలని అట్టముక్క, టేపుతో మూసి మళ్ళీ ఫ్యాను వేశాం. 1,575 వచ్చింది. భాగిస్తే 7. కిటికీలని ముట్టుకోనే లేదు.

మిగిలిన లీకులన్నీ ఒక్కచోట చేరిస్తే పొడవూ వెడల్పూ సుమారు 28 సెంటీమీటర్లున్న ఒక కన్నం. ఏ4 కాగితం కంటే కాస్త పెద్దది. ఓనరుగారికి ఇలా చెప్తేనే అర్థమైంది, పాస్కల్ అంటే కాలేదు.

ఆయన అడిగిన ప్రశ్న మంచిది. "ఇంత బిగించేస్తే ఊపిరాడొద్దా నాయనా?" ఆడాలి. కావాలంటే కిటికీ తీస్తారు, ఎగ్జాస్ట్ వేస్తారు, ఏసీ గదికి బయటి గాలి తెచ్చే ఏర్పాటు విడిగా చేసుకుంటారు. ఆ గాలి ఎక్కణ్ణించి రావాలో మీరు నిర్ణయిస్తారు. షాఫ్టు కన్నంలోంచి వచ్చే గాలి మిమ్మల్ని అడిగి రాదు, డ్రైనేజీ పైపుల పక్కనుంచి వస్తుంది.

ఇక చెన్నై బాధ. 32 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న గాలి కిలోకి సుమారు 21 గ్రాముల నీటిఆవిరి మోస్తుంది. ఏసీ గదిలో 25 డిగ్రీలు, 50 శాతం దగ్గర అది 10 గ్రాములే. బయటి గాలి 100 క్యూబిక్ మీటర్లు లోపలికి దూరిన ప్రతిసారీ ఏసీ లీటరుంబావు నీళ్ళు పిండాలి. చలిదేశాల్లో పుట్టిన ఒక మోటు లెక్క ఉంది: 50 దగ్గరి నంబరుని 20తో భాగిస్తే మామూలు రోజుల్లో గంటకు గాలి ఎన్నిసార్లు మారుతుందో అందాజుగా తెలుస్తుంది. దాని ప్రకారం 12 నుంచి 7కి దిగడమంటే గంటకు 56 క్యూబిక్ మీటర్లు తక్కువ, ఇల్లంతా ఏసీ నడుస్తుంటే గంటకు 700 గ్రాముల నీళ్ళు తక్కువ. రెండు అట్టముక్కలు చేసిన పని అది.

ఇంటిపని. అట్టలు పెట్టాక మీటరు చూపించినవి ఇవి: 20 పాస్కల్ దగ్గర 868, 30 దగ్గర 1,129, 40 దగ్గర 1,362, 50 దగ్గర 1,575, 60 దగ్గర 1,772. ఒత్తిడి మూడు రెట్లు పెరిగినా గాలి మూడు రెట్లు పెరగలేదు, గమనించండి. 1,772ని 868తో భాగించి వచ్చినదాని లాగ్ (లాగరిథమ్) తీసుకోండి. 60ని 20తో భాగిస్తే వచ్చే 3కి కూడా లాగ్ తీసి, మొదటిదాన్ని దీంతో భాగించండి. జవాబు 0.5కి దగ్గరగా వస్తే లీకులు పెద్ద కన్నాలు, 1కి దగ్గరైతే సన్నటి చీలికలు. మీకెంత వచ్చిందో, దాన్నిబట్టి మిగిలిన లీకు ఎక్కడుండొచ్చో ఒక కాగితం మీద రాసుకుని ఉంచండి. వచ్చే పాఠంలో ఆ అట్టముక్కలు తీసేసి, పైపుల చుట్టూ ఫోమ్ ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో చూద్దాం.