గిటార్ ఆంప్‌లో గుంయ్‌మనే మోత ఎక్కడిదో కనిపెట్టడం ఎలా?

పోయిన వారం చంద్రగిరి నుంచి ఒక పిల్లాడు గిటారు, చిన్న ఆంప్ (యాంప్లిఫయర్), గిటారు శబ్దాన్ని మార్చే నాలుగు పెడల్స్ మోసుకుని తిరుపతి కొర్లగుంటలోని మా మిద్దె గదికి వచ్చాడు. "అన్నా, పొద్దస్తమానం గుంయ్‌మంటానే ఉండాది. నాయిస్ గేట్ పెడితే పోతాదంట, ఆర్డర్ పెట్టేసినా" అన్నాడు. గేట్ చేసే పని ఒకటే. మనం వాయించనప్పుడు తలుపు మూస్తుంది. తీగ మీటగానే తెరుస్తుంది, నోటుతో పాటు మోతా బయటికి వస్తుంది. ఇంట్లో ఎలుక చచ్చి కంపు కొడుతుంటే ఊదుబత్తి వెలిగించినట్టన్నమాట. ముందు ఎలుకను వెతకాలి.

చెవి పెట్టి వినండి

మోతలన్నీ ఒకటి కావు. బుస్సుమని గాలి వదిలినట్టుంటే అది గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే మోతాదు, ఎక్కువైన బుస. గెయిన్ (డ్రైవ్ అని కూడా రాసి ఉంటుంది) తగ్గిస్తే తగ్గుతుంది, దానికి ఇంకేమీ వెతకక్కర్లేదు. సన్నగా కీచుమంటే డిజిటల్ పెడల్‌నో అడాప్టర్‌నో అనుమానించండి. గరుగ్గా జుర్రుమంటే ఫ్యాన్ రెగ్యులేటర్, ఇన్వర్టర్ లాంటివి. లావుగా, నిలకడగా, మనం అడగకుండానే ఎవరో తంబూరా పట్టినట్టు గుంయ్‌మంటే అది గోడలోంచి వచ్చే కరెంటు సొంత గొంతు.

మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఆరో తీగ (అన్నిటికన్నా లావుది) మీద మూడో ఫ్రెట్ నొక్కి మీటండి. అది జీ స్వరం, 98 హెర్ట్జ్. ఆంప్ మోత దానికి వెంట్రుకవాసి పైన ఉంటే 100 హెర్ట్జ్ అన్నట్టు. ఆంప్ లోపల ఏసీని డీసీ చేసే చోట ఫిల్టర్ కెపాసిటర్లు నీరసించి ఉండొచ్చు. అంతకు ఒక స్థాయి కింద పలికితే 50 హెర్ట్జ్. అప్పుడు ఎర్త్, కేబుల్, పికప్ (తీగల కింద ఉండి వాటి కదలికను సిగ్నల్‌గా మార్చేది) వైపు చూడాలి. చిన్న స్పీకర్లు 50ని సరిగ్గా పలకవు కాబట్టి దీన్ని అనుమానం వరకే ఉంచుకోండి, తీర్పు ఇచ్చేయొద్దు.

అన్నీ పీకేయండి

గిటారు, పెడల్స్, కేబుళ్లు అన్నీ తీసేసి ఉత్త ఆంప్ ఆన్ చేయండి. వాల్యూమ్ మామూలుగా వాయించేంత పెట్టండి. చాలా ఆంపుల్లో జాక్ ఖాళీగా ఉంటే ఇన్‌పుట్ దానంతటదే షార్ట్ అయి నిశ్శబ్దంగా ఉంటుంది. అప్పుడూ గట్టిగా మోగిందంటే తప్పు ఆంప్‌లో ఉంది, లేదా దానికొచ్చే కరెంటులో ఉంది. ఇంకో గదిలో, వీలైతే ఇంకో ఇంట్లో పెట్టి చూడండి. అక్కడా అంతే అయితే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. మీరు మాత్రం విప్పొద్దు. ట్యూబ్ ఆంప్ ప్లగ్ పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. కేబుల్ ఒక కొసను ఆంప్‌కు పెట్టి, రెండో కొసను నేల మీద వదిలేసి "చూడు ఎంత మోతో" అంటారు. అలా వదిలిన కేబుల్ ఎవరిదైనా మోగుతుంది. దాంట్లో తప్పేమీ లేదు.

గోడను నమ్మొద్దు

నా అనుభవంలో సగం గోలకు కారణం ప్లగ్ బోర్డు. కొన్నేళ్ల కింద గంగమ్మ జాతరప్పుడు ఒక వీధి స్టేజీ మీద వాయించాం. ఎడమ చేయి తీగల మీద ఉంది, కోరస్ కోసం మైకు దగ్గరికి వంగాను. పెదవి తగలగానే జిల్లుమని కొట్టింది, కళ్ల ముందు తెల్లగా మెరిసింది. తర్వాత ఆ ఎక్స్‌టెన్షన్ బాక్సు విప్పి చూశాం. పైన మూడు రంధ్రాలు, లోపల రెండే వైర్లు. ఎర్త్ స్క్రూ కొత్తదానిలా తళతళలాడుతోంది, దానికి ఒక్క పోగు కూడా తగిలించలేదు. బయటికి మూడు పిన్నుల పెట్టెలా కనబడేది, అంతే. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారిస్టు స్టేజీ మీద, సరిగ్గా ఎర్త్ లేని మైకు ముట్టుకుని ప్రాణం పోగొట్టుకున్నాడు. నేను బతికిపోయాను.

అందుకే హమ్ (ఈ గుంయ్‌మనే మోతే) తగ్గుతుందని ఎవరైనా ఎర్త్ పిన్ను విరిచేయమన్నా, రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించమన్నా వినకండి. ఒక్కోసారి మోత నిజంగానే తగ్గుతుంది. ప్రమాదమల్లా అక్కడే.

ఇంట్లో ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. టెస్ట్ ల్యాంపును ఫేజుకూ ఎర్తుకూ మధ్య పెట్టి చూస్తాడు, బల్బు మినుకుమినుకుమంటే ఎర్త్ బలహీనం. పాత ఇళ్లలో బొగ్గు, ఉప్పు వేసిన ఎర్త్ గుంత పెరట్లో ఎక్కడో ఉంటుంది. మన వైపు ఏప్రిల్, మే వచ్చేసరికి నేల ఎండి బీటలిస్తుంది, ఆ గుంతా ఎండుతుంది. రెండు బిందెల నీళ్లు పోయడం మా అమ్మమ్మ కాలం నుంచీ ఉన్న వైద్యమే. వీలుంటే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఒకటి పెట్టించుకోండి. అది హమ్‌ను తగ్గించదు, మనిషిని కాపాడుతుంది.

ఇక రెగ్యులేటర్. మెల్లగా తిప్పే ఎలక్ట్రానిక్ రకం కరెంటు అలను ముక్కలుగా కోసి ఫ్యానుకు ఇస్తుంది, ఆ కోతలే ఆంప్‌లో జుర్రుమంటాయి. ఫ్యాన్ ఆపి చూడండి. తిరుపతి ఎండల్లో ఆపలేమంటారా, ఫుల్‌లో పెట్టండి, మోత చాలావరకు తగ్గుతుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద మాత్రమే మోగుతుంటే అది స్క్వేర్ వేవ్ రకమేమో చూడండి.

గిటారు, కేబుల్

ఇప్పుడు గిటారును నేరుగా ఆంప్‌కు కలపండి. గిటారు వాల్యూమ్ సున్నాకు తెస్తే మోత ఆగిందా? అయితే అది పికప్ వైపు నుంచి వస్తోంది. ఆగలేదా? కేబుల్ మార్చండి. జాక్ దగ్గర కేబుల్‌ను అటూ ఇటూ వంచినప్పుడు మోత మారితే షీల్డ్ (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) తెగిందని అర్థం.

ఒకే తీగచుట్ట ఉండే సింగిల్ కాయిల్ పికప్ పుట్టుకతోనే యాంటెనా. కూర్చున్న చోటే మెల్లగా ఒక చుట్టు తిరగండి, ఏదో ఒక దిక్కున మోత తగ్గుతుంది. ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్‌కు, అడాప్టర్లకు రెండు మూడడుగుల దూరం జరగండి. హంబకర్ అనే రకం పికప్‌లో ఎదురెదురుగా చుట్టిన రెండు కాయిళ్లు ఈ మోతను ఒకదానికొకటి కొట్టేసుకుంటాయి, 1950లలో దాన్ని కనిపెట్టిందే ఈ బాధ పడలేక. తీగలు ముట్టుకుంటే మోత తగ్గడం మామూలే. ముట్టుకుంటే పెరిగితే మాత్రం గిటారు లోపలి వైరింగు చూపించండి.

పెడల్స్ ఒక్కొక్కటిగా

గిటారు నేరుగా నిశ్శబ్దంగా ఉంటే పెడల్స్‌ను ఒక్కొక్కటిగా కలుపుతూ రండి. ప్రతిసారీ ఆగి వినండి. మోత మొదలైన చోట ఆ పెడల్‌ను, దాని ప్యాచ్ కేబుల్‌ను విడిగా మార్చి చూడండి. 9 వోల్టుల బ్యాటరీ పట్టే పెడల్ అయితే అడాప్టర్ పీకి బ్యాటరీతో వినండి. నిశ్శబ్దమైతే పెడల్ మంచిదే, కరెంటే చెడ్డది.

ఒకే అడాప్టర్ నుంచి తీగకు కాయల్లా వేలాడే డైసీ చైన్‌తో అనలాగ్ డ్రైవ్‌కూ (శబ్దాన్ని గరుకు చేసే పెడల్) డిజిటల్ డిలేకూ (ప్రతిధ్వనినిచ్చే పెడల్) కరెంటిస్తే కీచు రావడం చాలా మామూలు. డ్రైవ్ పెడల్‌కు కొద్ది మిల్లీఆంప్సే చాలు, కొన్ని డిజిటల్‌వి వంద దాటి లాగుతాయి. డిజిటల్ దాన్ని వేరే అడాప్టర్ మీద పెట్టండి, లేదంటే ఒక్కో పెడల్‌కు విడివిడిగా కరెంటిచ్చే ఐసొలేటెడ్ సప్లై కొనండి. కొనేముందు వోల్టేజి, మధ్య పిన్ను మైనస్సా ప్లస్సా అన్నది పెడల్ మీద చదవండి. తప్పితే పెడల్ కాలుతుంది.

ల్యాప్‌టాప్, మిక్సర్ కలిశాకే మోగితే

ఆంప్ ఒక గోడ ప్లగ్గులో, మిక్సర్ ఇంకో గోడ ప్లగ్గులో ఉండి, మధ్యలో సిగ్నల్ కేబుల్ ఉంటే రెండు ఎర్త్‌ల మధ్య చుట్టు పడుతుంది. రెండింటినీ ఒకే మంచి బోర్డు మీద పెట్టండి. ల్యాప్‌టాప్ చార్జర్ పీకితే మోత ఆగుతుందేమో చూడండి. ఆగకపోతే డీఐ బాక్సు (సిగ్నల్‌ను మిక్సర్‌కు తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) పెట్టి దాని గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి. అది సిగ్నల్ దారిలోని గ్రౌండ్‌నే విడదీస్తుంది, ప్లగ్గులోని ఎర్త్ జోలికి పోదు.

చంద్రగిరి పిల్లాడి సంగతి: ఆంప్ ఉత్తగా నిశ్శబ్దం. గిటారు నేరుగా కొంచెం గుంయ్, పక్కకు తిరిగితే తగ్గింది. నాలుగో పెడల్, డిజిటల్ డిలే, కలపగానే మొత్తం బయటపడింది. దాన్ని పాత రౌటర్ అడాప్టర్‌తో నడుపుతానంటే వద్దన్నాను, దాని మీద 12 వోల్టులని రాసి ఉంది. 9 వోల్టులది ఒకటి కొనుక్కుని మరుసటి రోజు ఫోన్ చేశాడు. "నిమ్మళంగా ఉండాదినా. ఆ గేటును వాపస్ తీసుకుంటారంటావా?"