గిటార్‌కి ఇంట్లో స్ప్రే పెయింట్: ఎక్కడ చెడింది, ఎలా బాగుచేయాలి

విశాఖలో మా డాబా మీద ఇప్పటిదాకా మూడు ఎలక్ట్రిక్ గిటార్లకి రంగు వేశాను. మూడింటి దగ్గరా తెలిసొచ్చింది ఒకటే. లోపం పైకి కనబడిన కోటింగ్‌లో తప్పు ఉండటం అరుదు. దాని కిందిదాంట్లోనో, నిన్న మనం తొందరపడి వదిలేసిన పనిలోనో ఉంటుంది. అందుకే ఏదైనా చెడినట్టు కనబడగానే దాని మీద ఇంకో కోటింగ్ కొట్టకండి. డబ్బా పక్కన పెట్టి, కారణం పట్టుకోండి.

రంగు ముడతలు పడి, ఉడికిన పాల మీగడలా లేచిపోయింది

అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఇంటి తలుపులకి వేసే ఎనామెల్ మీద లక్కర్ (థిన్నర్ ఆవిరైపోగానే ఆరే రంగు) కొట్టారన్నమాట. లక్కర్‌ని పల్చన చేసే ఈ థిన్నర్ ఘాటుగా ఉంటుంది. కింద పూర్తిగా గట్టిపడని ఎనామెల్‌ని ఉబ్బించి లేపేస్తుంది. రెండూ ఎనామెలే అయినా, మొదటి కోటింగ్ సగం ఆరిన స్థితిలో రెండోది పడితే ఇలాగే అవుతుంది. మళ్ళీ ఎన్ని గంటల లోపు వేయాలో, ఆ గడువు దాటితే ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీదే రాసి ఉంటుంది. ఆ రెండు లైన్లూ చదవకుండా మూత తీయకండి.

బాగుచేయాలంటే కనీసం వారం పది రోజులు ఆరనివ్వాలి. తర్వాత 320 నంబరు గరుకు కాగితంతో (శాండ్‌పేపర్) ముడత పడిన పొరంతా గట్టి భాగం తగిలేవరకు రుద్ది తీసేయాలి. ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) నుంచి మళ్ళీ మొదలు. దీనికి దగ్గరిదారి లేదు.

అసలు పాత రంగు ఏ జాతిదో ముందే చూసుకుంటే ఈ గొడవ చాలావరకు రాదు. నెక్ వెనక ఉండే ప్లేటు విప్పి, దాని కింద దూదితో కాస్త ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ రాయండి. మెత్తబడి దూదికి అంటుకుంటే లక్కర్. ఏమీ కాకపోతే చాలావరకు పాలియెస్టర్ లేదా పాలీయురేథేన్, ఈ రోజుల్లో ఫ్యాక్టరీ గిటార్లలో ఎక్కువ ఇవే. దాన్ని చెక్క వరకు గీకాలని పంతం పట్టకండి. 320తో మెరుపు పోయేలా రుద్ది, దాని మీదే ప్రైమర్ కొట్టండి. ప్రైమర్ మీద కారు రంగు వేసుకున్నా, అది గిటార్‌కి తక్కువ పనేమీ కాదు. 1950ల్లో, 60ల్లో ఫెండర్ కంపెనీ తన ప్రత్యేక రంగులకి డ్యూపాంట్ వాళ్ళ కారు రంగులే వాడింది. ఫియస్టా రెడ్ 1956 ఫోర్డ్ థండర్‌బర్డ్ రంగు. మన షెడ్లలో పెయింటర్లు ఇప్పటికీ అనే ‘డ్యూకో’ ఆ డ్యూపాంట్ లక్కర్ పేరే.

క్లియర్ (రంగు లేని పైపూత) కొట్టగానే తెల్లగా పొగమంచు పట్టింది

మా ఊళ్ళో వానాకాలం అంతా ఇదే సమస్య. థిన్నర్ గబగబా ఆవిరవుతూ చెక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది. గాలిలోని తేమ అక్కడ చేరి లక్కర్‌లో చిక్కుకుంటుంది. ఆగస్టులో ఒక సాయంత్రం నల్లటి బాడీ మీద కొట్టాను, పది నిమిషాల్లో బూడిద రాసినట్టయింది. రుద్దబోయి ఆగాను. మూడు రోజుల తర్వాత ఎండ కాసింది. పదకొండు గంటలకి, నీడలోనే, అదే క్లియర్ మరీ పల్చగా ఒకసారి విదిల్చాను. పైపొర మళ్ళీ కరిగి తేమని వదిలింది, నలుపు నలుపులా తిరిగొచ్చింది. అప్పటికీ పోకపోతే పెయింట్ షాపులో రిటార్డర్ (థిన్నర్ ఆవిరయ్యే వేగం తగ్గించేది) అడగండి. ఇది లక్కర్‌కే పనిచేస్తుంది, ఎనామెల్‌కి కాదు.

చేపకళ్ళలా గుండ్రటి గుంటలు

సిలికాన్. పాత గిటార్ పాలిష్‌లోంచో, తుప్పు వదిలించే స్ప్రేలోంచో, చేతి క్రీములోంచో వస్తుంది. ఇంకా పెయింట్ కొడితే గుంట పూడదు, అంచు లేస్తుంది. ఆరనిచ్చి, రుద్ది, టర్పెంటైన్‌తో ఒక గుడ్డ తడిపి తుడవండి. తడి ఆరేలోపే ఇంకో పొడి గుడ్డతో ఎత్తేయండి. అదే గుడ్డతో రెండోసారి తుడిస్తే జిడ్డు బాడీ అంతా పాకుతుంది.

కారి, చుక్క నిలబడింది

దగ్గరగా పట్టుకున్నారు, లేదా చేయి ఆగింది. డబ్బా 25 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. బాడీ అంచు దాటాక నొక్కడం మొదలుపెట్టి, అవతలి అంచు దాటాక వదలాలి.

తడిగా ఉన్న చుక్కని వేలితో ముట్టుకోవద్దు. రెండు మూడు రోజులు ఆగండి. షేవింగ్ బ్లేడు తీసుకుని రెండు చివరలకీ సెలోటేపు చుట్టండి, మధ్యలో ఒక సెంటీమీటరు మాత్రం వదలండి. బ్లేడుని నిలువుగా పట్టి మన వైపు లాగుతూ గీకండి. టేపు మందం బ్లేడుని ఉపరితలానికి కాస్త ఎత్తులో ఉంచుతుంది కాబట్టి చుక్క మాత్రమే పొడిపొడిగా రాలుతుంది. చుక్క చుట్టుపక్కలతో సమానమయ్యాక 800 వాటర్ పేపర్ (నీళ్ళతో తడిపి రుద్దే గరుకు కాగితం).

నారింజ తొక్కలా గరుకు

దూరం నుంచి కొట్టారు, లేదా ఎండలో కొట్టారు. రంగు పరుచుకునేలోపే ఆరిపోయింది. 1000, 1500, 2000 వాటర్ పేపర్లతో తడిపి రుద్ది, మెరుపు తెప్పించే రబ్బింగ్ కాంపౌండ్ పట్టించండి. మంచి చెక్క ముక్కకి కాగితం చుట్టి రుద్దండి. బాడీ కొమ్ముల (నెక్ పక్కన పొడుచుకొచ్చిన మొనలు) అంచుల జోలికి చివరిదాకా వెళ్ళొద్దు. అక్కడ రంగు పల్చగా ఉంటుంది, నాలుగు రుద్దులకే ప్రైమర్ బయటపడుతుంది.

స్టాండు అచ్చు పడింది, స్క్రూ దగ్గర పగిలింది

పైకి ఆరింది, లోపల ఆరలేదు. బాడీకి ముక్కు ఆనించి వాసన చూడండి. థిన్నర్ వాసన వస్తున్నంతకాలం భాగాలు బిగించకండి, మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. నైట్రో (అంటే ఎన్‌సీ) లక్కర్‌కైతే ఆరాక కూడా స్టాండు రబ్బరు పడదు, నూలుగుడ్డ చుట్టండి. స్క్రూ రంధ్రాల అంచుని పెద్ద డ్రిల్ బిట్‌తో చేత్తోనే తిప్పి కాస్త వంపు చేస్తే రంగు పగలదు.

ఊపిరి సంగతి కూడా చెప్పాలి. గుడ్డ మాస్కు థిన్నర్ ఆవిరిని ఆపదు, ఆవిరిని పట్టేసే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కే కొనండి. దగ్గర్లో పొయ్యి, దీపం ఉండకూడదు. గట్టిపరిచే రసాయనం కలిసి వచ్చే టూకే డబ్బాల్లో ఐసోసయనేట్లు ఉంటాయి, వాటిని ఇంట్లో వాడొద్దని నా గట్టి మాట.

అంతా బిగించాక యాంప్‌లో గుయ్యిమని మోత

తీగల్ని ముట్టుకున్నా మోత తగ్గకపోతే, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే లోహపు ముక్క) కింద ఆనాల్సిన గ్రౌండ్ వైరు తెగిందో, దాని మీద రంగు పడిందో చూడండి. బ్రిడ్జ్ విప్పి, వైరు కొస రాగి మెరిసేలా గీకి, మళ్ళీ బిగించండి.