ఆరుబయట రొట్టె – 3వ పాఠం: పెంక మీది నుంచి నిప్పుల మీదికి

పోయిన పాఠంలో పొయ్యి పెట్టి, తుమ్మ బొగ్గులు రాజేయడం దాకా వచ్చాం. ఈసారి జొన్నరొట్టెను సగం పెంక (పెనం) మీద, సగం నిప్పుల మీద కాలుద్దాం. మొత్తం నిప్పుల మీదే ఎందుకు కాల్చకూడదంటే, జొన్నపిండికి గోధుమపిండికున్న సాగుడు లేదు. పచ్చిరొట్టెను నిప్పుల మీద పెట్టే తీగల జాలి మీద వేస్తే ఎత్తేటప్పుడే చిరుగుతుంది. పెంక మీద కాస్త గట్టిపడ్డాకే నిప్పుల మీదికి పోవాలి.

ఐదు రొట్టెలకు 250 గ్రాముల పిండి, 300 మిల్లీలీటర్ల నీళ్లు. ఉప్పు మీ ఇష్టం. గిర్నిలో మెత్తగా పట్టించిన తాజా పిండైతే మంచిది. పాతబడ్డకొద్దీ జిగి తగ్గి అంచులు పగులుతాయి. అద్దడానికి గుప్పెడు పిండి పక్కన పెట్టండి. మిగతా దాంట్లో తెర్లుతున్న నీళ్లు ముప్పావు వంతు పోసి, కర్రతో కలిపి, 5 నిమిషాలు మూతపెట్టండి. రొట్టెను పట్టి ఉంచే జిగి ఈ వేడికే వస్తుంది. గోరువెచ్చని నీళ్లతో ఎంతసేపు పిసికినా రాదు. తర్వాత మిగిలిన నీళ్లు చేతికి అద్దుకుంటూ, అరచేతి మడమతో 5 నిమిషాలు గట్టిగా పిసకండి.

పాలమూరు, నల్లగొండ ఎండకాలంలో చిక్కంతా గాలితోనే. వాకిట్లో పెట్టిన ముద్దపై చూస్తుండగానే పొర కడుతుంది. అందుకే ముద్దను తడిబట్ట కింద ఉంచి, ఒక్కో రొట్టెకు 100 గ్రాములు తీసి, మళ్లీ నాలుగుసార్లు పిసికి తట్టండి. ఐదు ఉండలూ ముందే చేసి పెట్టొద్దు. రొట్టె జానెడు వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం. నడుమ పలచనై అంచు మందంగా ఉంటే పొంగదు.

పెంక మీద నీళ్లు చిలకరిస్తే చుక్కలు ఎగిరి దొర్లాలి. పిండి అద్దిన వైపు పైకి వచ్చేలా రొట్టె వేసి, తడిబట్టతో పైనంతా తుడవండి. తడి తగలనిచోట తెల్ల మచ్చలు పడి, అక్కడే పగుళ్లు మొదలవుతాయి. పై తడి ఆరబోతుండగా, సుమారు 40 సెకన్లకు, తిప్పండి. పూర్తిగా ఆరనిస్తే ఆలస్యమైనట్టే. రెండో వైపు నిమిషంన్నర ఉంచండి.

ఇప్పుడు నిప్పులు. మిట్టమధ్యాహ్నం ఎండలో బొగ్గు రగిలిందో లేదో కంటికి తెలియదు, నీడలోనే చూడాలి. బొగ్గు మీద తెల్లబూడిద కమ్మి, జానెడు ఎత్తులో చెయ్యి మూడు నాలుగు సెకన్లకు మించి నిలవకపోతే సరైన సెగ. మంట లేస్తుంటే ఆగండి. పైన మాడి లోపల పచ్చి మిగులుతుంది. పత్తికట్టె భగ్గుమని మండి చప్పున ఆరుతుంది, పైగా దాని మీద పురుగుమందులు కొట్టి ఉంటారు. రొట్టె కింద అది వద్దే వద్దు. జింకు పూత ఉన్న కంచె జాలీ వద్దు, స్టీలుది వాడండి.

మొదట పెంకకు తగిలిన వైపు తక్కువ కాలి ఉంటుంది. దాన్ని నిప్పుల వైపు పెట్టండి. 20, 30 సెకన్లలో లోపలి ఆవిరి రొట్టెను లేపుతుంది. ఒకచోటే ఉబ్బితే బట్టతో మెల్లగా ఒత్తి ఆవిరిని పక్కకు నెట్టండి. చిల్లు పడితే ఇక పొంగదు, కానీ తినడానికి ఏం లోటు లేదు. పలచగా కరకరలాడాలంటే జాలి తీసేసి, పొయ్యి మూతి దగ్గర నిప్పులకు ఎదురుగా నిలబెట్టి ఆరనివ్వండి. పల్లీల తొక్కుతో (పచ్చడితో) అదే బాగుంటుందని మా అభిప్రాయం.

గడ్డివాము, గుడిసెల దగ్గర పొయ్యి పెట్టొద్దు. వడగాలికి నిప్పురవ్వ ఎంత దూరమైనా పోతుంది. పని కాగానే నీళ్లు పోసి, బూడిదను కర్రతో కలిపి, మళ్లీ పోయండి.

వచ్చే పాఠం సజ్జరొట్టె. సజ్జలు ఇప్పుడే తెచ్చుకోవచ్చు, పిండి మాత్రం ముందురోజే పట్టించండి. జొన్నపిండి కంటే అది చాలా తొందరగా చేదెక్కుతుంది.